పెద్దగొంతు మావయ్య కోటు

సార్యబులక్ ఊళ్ళో దోస్బోల్‌కి బూట్లు బాగుచేసే కొట్టు ఉంది. అక్కడ బూట్లకన్నా ఊరి ఫుట్‌బాల్ జట్టునే ఎక్కువగా విప్పి, కుట్టి, మళ్ళీ విప్పేవారు.

జట్టు పేరు కోష్కర్. అంటే పొట్టేలు. ఆ ఏడు ఆ పొట్టేలు ఎవరిని కుమ్మబోయినా తన కొమ్ములే విరగ్గొట్టుకుంది. శరత్కాలం చివరికొచ్చేసరికి కొండల మీది పొగమంచు ఊళ్ళోకి దిగడంతో మధ్యాహ్నానికే వీధులు కనబడడం మానేశాయి. జట్టు కూడా అలాగే కనబడకుండా పోయేలా ఉంది. మిగిలింది ఒక్క ఆట, శనివారం పక్క ఊళ్ళో. ఓడకపోతే చాలు. ఓడితే మాత్రం క్లబ్బునే ఎత్తేస్తారని అందరికీ తెలుసు.

"కుర్రాళ్ళలో ఏ లోపమూ లేదు. కోచే వాళ్ళతో మాట్లాడడు," అన్నాడు బస్సు డ్రైవర్ కైరొల్లా. "మొన్న కుడివైపు ఆడాల్సినవాడూ ఎడమవైపు ఆడాల్సినవాడూ మధ్యలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈలోగా గోలు పడిపోయింది."

"మాట్లాడితే మాత్రం ఏం ఒరుగుతుంది? మా అల్లుడితో నేను రోజూ మాట్లాడతాను. వాడేమైనా బాగుపడ్డాడా?" అన్నాడు పళ్ళ డాక్టరు అమంతాయ్.

"పోనీ మనతోనైనా మాట్లాడాలిగా. ఓడిన ప్రతిసారీ మైకు పెడితే ఒకటే ముక్క, ఆట చూశారుగా అని."

"చూశాం కాబట్టేగా అడుగుతున్నాం," అన్నాడు దోస్బోల్.

కోచ్ ఉతేగెన్‌కి వీళ్ళు పెట్టిన పేరు రాతిబొమ్మ. గడ్డిమైదానంలో ఎప్పటివాళ్ళో పాతిన రాతిమనుషులు ఉన్నారు. పొట్ట మీద చేతులు పెట్టుకుని, ఏం జరిగినా చలించకుండా నిలబడి ఉంటారు. ఉతేగెన్ కూడా మైదానం గీత పక్కన సరిగ్గా అలాగే నిలబడతాడు. తేడా ఒక్కటే, రాతిమనుషుల మీద పిట్టలు వాలతాయి.

దోస్బోల్ తండ్రి ఉన్నప్పుడు ఇలా లేదు. ఆయన మైదానం పక్క గట్టెక్కి ఒక్క అరుపు అరిస్తే రిఫరీ కూడా తడబడేవాడు. కోడలు మామగారి పేరు పలకకూడదు కనక దోస్బోల్ భార్య రౌషాన్ ఆయనకి 'పెద్దగొంతు మావయ్య' అని పేరు పెట్టుకుంది. అంత గొంతూ ఓడిన రోజు మాత్రం చిన్నదైపోయేది. ఇంటికొచ్చే దారిలో కొడుకు టోపీ చెవుల మీదకి లాగి, "టోపీ సరిగ్గా పెట్టుకోరా, చలి చెవుల్లోంచే దూరుతుంది," అనేవాడు మెల్లగా. ఆ మాట ఆ ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తండ్రి పోయి ఏడాది దాటింది. క్లబ్బు కూడా పోతే నాన్న రెండోసారి పోయినట్టేనని దోస్బోల్ బెంగ.

అందుకే శనివారం ఎలాగైనా వెళ్ళాలి. కానీ అదే రోజు చెల్లెలి కూతురి పెళ్ళి నిశ్చయం. మగపెళ్ళివారి ముందు ఉడికించిన గొర్రె తలకాయ కోసి పంచాల్సింది మేనమామే. రౌషాన్‌ని అడిగితే ఏమంటుందో తెలుసు కనక అడగలేదు. గురువారం పొద్దున టీ తాగుతూ వేరే దారి పట్టాడు.

"రాత్రి నాన్న కల్లోకొచ్చాడు."

పాలు పోస్తున్న రౌషాన్ చెయ్యి ఆగింది. "ఏం వేసుకున్నారు?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. "ఇంకేముంది, ఆ గోధుమరంగు కోటే."

"ఏమైనా తిన్నారా?"

"లేదు."

"మాట్లాడారా?"

"నాన్న మాట్లాడకుండా ఉంటాడటే? శనివారం ఆటకి వెళ్ళరా, నా చోటు ఖాళీగా ఉంచకు అన్నాడు."

రౌషాన్ అతని మొహంలోకి చూసింది. "పోయినవాళ్ళు కల్లో మాట్లాడారంటే ఏదో కావాలనే. నూనె పెడతాను," అని లేచింది.

పోయినవాళ్ళ పేరు మీద ఏడు రొట్టెలు నూనెలో వేయించి ఇరుగుపొరుగుకి పంచుతారు. ఆ వాసన వాళ్ళకి చేరుతుందట. ఇల్లంతా ఆ వాసన నిండుతుంటే దోస్బోల్ మనసులో చప్పట్లు కొట్టుకున్నాడు. ఇంత సులువైన గెలుపు కోష్కర్‌కి ఆ ఏడంతా దక్కలేదు. కొట్టుకెళ్ళి తన కల గురించి స్నేహితులకీ చెప్పేశాడు.

సాయంత్రం ఇంటికొస్తూ మైదానం పక్కనించి నడిచాడు. పొగమంచులో కుర్రాళ్ళు కనబడడం లేదు. బంతి తన్నిన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. గీత దగ్గర ఎవరో ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. గోధుమరంగు కోటు. ఎడమ భుజం కాస్త జారి ఉంది. మోచేతి దగ్గర నల్లతోలు అతుకు. ఆ అతుకు వేసింది దోస్బోలే.

అతని కాళ్ళు నేలకి కుట్టేసినట్టు అయిపోయాయి. అప్పుడు ఆ కోటులోంచి గొంతు లేచింది. "బంతికి భయపడకండ్రా, అది మిమ్మల్ని కరవదు."

అది నాన్న అరుపే. దోస్బోల్ ఎలా ఇంటికొచ్చాడో అతనికే తెలియదు. చేతిలో బాగుచేసిన బూట్ల జతలో ఒకటే మిగిలింది. రెండోది ఏమైందని రౌషాన్ అడగలేదు. దాంతో ఇంకా భయం వేసింది.

శుక్రవారం కొట్టులో టీవీ ముందు అందరూ చేరారు. ఆటకి ముందు రోజు కోచ్ మాట్లాడాలి, ఈయన మాత్రం మాట్లాడడు. కానీ ఆ రోజు ఉతేగెన్ మైకు దగ్గరికి జరిగాడు. "మా కుర్రాళ్ళు బంతికి భయపడుతున్నారు. అది కరవదని చెప్పాను. తప్పు నాది. ఇన్నాళ్ళూ చెప్పలేదు," అన్నాడు.

కైరొల్లా టీ గిన్నె కింద పెట్టాడు. "దోస్బోల్, ఇది మీ నాన్న మాట."

"నీ కల," అన్నాడు అమంతాయ్, గొంతు తగ్గించి.

తర్వాత మెల్లగా వాదన అలవాటైన దారిన పడింది.

"పోయినవాళ్ళు జట్టుని నడపొచ్చంటావా? లైసెన్సు ఉండాలిగా."

"బతికున్నవాడు లైసెన్సు పెట్టుకుని ఏం చేశాడు?"

దోస్బోల్ మాత్రం నవ్వలేదు. కల రాలేదన్న సంగతి తెలిసినవాడు ఊరంతట్లో అతనొక్కడే. వాళ్ళందరికీ కల నిజం కనక గొంతూ నిజం. అతనికి కల అబద్ధం, గొంతు నిజం. పిలవని చోటికి వచ్చినవాళ్ళు ఎప్పుడు పోతారో ఎవరిని అడగాలి? కొట్టు తలుపు వెయ్యకుండానే ఇంటికి పరుగెత్తాడు.

రౌషాన్ పిండి కలుపుతోంది.

"నాన్న రాలేదే," అన్నాడు గుమ్మంలోంచే.

"ఎక్కడికి?"

"కల్లోకి. నేనే కల్పించాను. ఆయన పేరు చెప్పి అబద్ధమాడానని కోపమొచ్చి ఇప్పుడు నిజంగానే వచ్చాడు. కోటుతో సహా వచ్చాడు."

రౌషాన్ పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, తీరుబడిగా కూర్చుంది. "ఆ కోటు మావయ్య ఏడాది కార్యం నాడే పంచేశాను. వెనకవీధి ముసలమ్మకి ఇచ్చాను. పంచేసిన కోటు వేసుకుని కల్లోకొచ్చారన్నప్పుడే మీ కల నాకు అర్థమైపోయింది."

"ముసలమ్మ కోటు గీత దగ్గరికెలా వెళ్ళింది?"

"ఆవిడ గదిలో అద్దెకుండేది ఎవరనుకున్నారు? మీ కోచ్ చలికి వణుకుతుంటే ఇచ్చిందట. నిన్న రొట్టెలు తీసుకెళ్తే, ఎవరి పేరు మీద అని అడిగాడు. చెప్పాను. ఆయన గట్టు మీద ఏమని అరిచేవారో అడిగాడు. అదీ చెప్పాను. టీ చల్లారేదాకా విన్నాడు పాపం. మీ రాతిబొమ్మకి మాటలు రాక కాదండీ. ఏ మాట చెప్పాలో చెప్పినవాళ్ళు లేక."

దోస్బోల్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతోపాటు ఆశ కూడా వచ్చింది. "అయితే రేపు..."

"రేపు మీ చెల్లెలి ఇంట్లో తలకాయ కోస్తారు. మీ మేనకోడలు, మీరు మేనమామ. నేను ఆటకి వెళ్తున్నాను. రొట్టెలు పట్టుకుని క్లబ్బు బస్సులో రమ్మన్నాడు కోచ్. మావయ్య చోటు ఖాళీగా ఉంచకూడదని మీరే కదా చెప్పారు?"

తన నోటితో తన గోల్లోనే బంతి వేసుకున్నానని దోస్బోల్ గ్రహించాడు.

శనివారం మగపెళ్ళివారి ఎదుట ఉడికిన గొర్రె తలకాయ పెట్టుకుని, బల్లగుడ్డ కింద ఫోను దాచుకుని కూర్చున్నాడు. కోష్కర్ గెలవలేదు, ఓడలేదు, ఒకటికి ఒకటి. క్లబ్బు మిగిలింది. అతని కళ్ళు తడిశాయి. మేనకోడలి మీద ఎంత ప్రేమో అని మగపెళ్ళివారు మురిసిపోయారు.

ఆచారం ప్రకారం తలకాయ చెవి కోసి ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లకి ఇస్తున్నాడు. ఫోనులో ఉతేగెన్ కనబడ్డాడు. గోధుమరంగు కోటు, వెనక గట్టు మీద, నాన్న ఉంటే నిలబడే చోటులో, రొట్టెల గిన్నెతో రౌషాన్. అభిమానులకి ఏం చెబుతారని ఎవరో అడిగారు.

"టోపీలు సరిగ్గా పెట్టుకోండి," అన్నాడు ఉతేగెన్ మెల్లగా. "చలి చెవుల్లోంచే దూరుతుంది."

కత్తి బల్ల మీద పెట్టి, దోస్బోల్ వసారాలోకి వెళ్ళి ఫోను చేశాడు. "ఆ టోపీ మాట కూడా నువ్వే చెప్పావా?"

అవతల అరుపులు, బస్సు హారను. "ఏ టోపీ?" అంది రౌషాన్. "నేనా మాట ఇప్పుడే వింటున్నాను."

అతను తిరిగొచ్చి తన చోటులో కూర్చున్నాడు. జేబులోంచి టోపీ తీసి, పెళ్ళివారందరూ చూస్తుండగా, చెవుల మీదకి బాగా లాక్కున్నాడు.