సేనాధిపతి ఎడమ మోకాలు

సోమవారం పొద్దున్న చరిత్ర ప్రొఫెసర్ చేయదలచుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, సొరుగులోంచి నాలుగో వారం కాగితాలు తీసి, సేనాధిపతిని గుర్రం ఎక్కించి పత్రికకు పంపేయడం.

ఆ సేనాధిపతి మూడు వందల ఏళ్ళ కిందటివాడు. కొండకోటను చుట్టుముట్టిన శత్రువుల మీదికి ఒంటరిగా గుర్రాన్ని దూకించి వీరమరణం పొందాడని ప్రొఫెసర్ ఇరవై ఏళ్ళ కిందటే లావుపాటి పుస్తకం రాశారు. అదే ఇప్పుడు కాలేజీల్లో పాఠ్యగ్రంథం. ఆ చావు దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ఆయన గొంతు నేటికీ జీరబోతుంది. జీర వినపడిందంటే గంట కొట్టడానికి అయిదు నిమిషాలే ఉన్నాయని వెనక బెంచీల వాళ్ళు పుస్తకాలు సర్దుకుంటారు.

ఈ కథనే ఓ వారపత్రిక సంపాదకురాలు ఆయన చేత తమ వెబ్‌సైట్‌లో సీరియల్‌గా రాయిస్తోంది. కొత్తదనమేమిటంటే, ప్రతి వారం చివర రెండు దారులు చూపించాలి. పాఠకులు ఏ దారికి ఎక్కువ ఓట్లేస్తే కథ ఆ దారినే నడవాలి. చరిత్రకి ఓట్లేమిటని ప్రొఫెసర్ మొదట మొహం చిట్లించారు. తర్వాత ఉపాయం తట్టింది. ఒక దారి వీరోచితంగానూ, రెండోది సిగ్గుచేటుగానూ పెడితే బుద్ధున్నవాడెవడూ రెండోదాని జోలికి పోడు. ఆ ధైర్యంతో పన్నెండు వారాలదీ ముందే రాసి సొరుగులో పడేశారు.

మూడో వారం ప్రశ్న, సేనాధిపతి యుద్ధానికి బయలుదేరాలా, మోకాలు నొప్పని ఇంట్లో పడుకోవాలా అన్నది. ఆ నొప్పి చరిత్రలో లేదు. వీరుడు మరీ రాతిబొమ్మలా కనిపిస్తున్నాడని ప్రొఫెసర్ తన ఎడమ మోకాలినే ఆయనకు అరువిచ్చారు.

పది గంటలకు సంపాదకురాలు ఫోన్ చేసింది.

"పడుకోవాలని నాలుగు వేల మంది సార్. బయలుదేరాలని పదకొండు మంది."

అంకెలు తారుమారయ్యాయేమో చూడమన్నారు ప్రొఫెసర్. అప్పటికే రెండుసార్లు చూసిందట.

ఆ నాలుగు వేల మంది ఎవరో మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలింది. ప్రొఫెసర్ భార్య ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. రోజంతా మోకాళ్ళతోనే ఆవిడ కాపురం. వ్యాయామం చేసేటప్పుడు రోగులు మూలగకుండా ఉండటానికి భర్త సీరియల్ చదివి వినిపిస్తోంది. వాళ్ళు తమ తోటి నొప్పులవాళ్ళకి పంపారు, వాళ్ళు ఇంకొందరికి పంపారు.

"నువ్వూ ఓటేశావా?" అన్నారు ప్రొఫెసర్.

"వేశానండీ. అంత వాపుతో గుర్రమెక్కితే ఆ మనిషి ఇంకెప్పుడూ కింద కూర్చోలేడు."

"ఆయన ఆ రోజే చచ్చిపోతాడు. ఇంకెక్కడ కూర్చుంటాడు?"

"అది మీకు తెలుసు. ఆయనకి తెలీదుగా."

ప్రొఫెసర్ పళ్ళు నూరుకుంటూ కొత్తగా రాశారు. సేనాధిపతి పడుకున్నాడు. రాజుగారు కబురు మీద కబురు పంపారు. ఈసారి తప్పించుకునే సందు లేకుండా, గుర్రం మీద వెళ్ళాలా ఏనుగు మీద వెళ్ళాలా అని ప్రొఫెసర్ పాఠకుల్ని అడిగారు. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఏ జంతువు ఎక్కినా మోకాలు వంచాల్సిందేననీ, రచయిత గుండె బండరాయనీ తిట్టారు. సంపాదకురాలు ఆయనతో మాట మాత్రమైనా అనకుండా మూడో దారి చేర్చింది. పల్లకీ. అదే గెలిచింది.

"పల్లకీలో యుద్ధానికెళ్ళినవాడు చరిత్రలో ఎవడైనా ఉన్నాడామ్మా?" అని ఫోన్లో నిలదీశారు ప్రొఫెసర్.

"లేడు కాబట్టే చదువుతున్నారు సార్."

పాఠకులు ముప్పై వేలు దాటారనీ, ఆయనకు ఇష్టం లేకపోతే మిగతాది తమ ఆఫీసులోనే ఎవరో ఒకరు రాసేస్తారనీ ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. తన సేనాధిపతిని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టడం కన్నా తనే పాడుచేసుకోవడం నయమనుకున్నారు ప్రొఫెసర్.

ఇక కళ్ళెం లేకుండా పోయింది. పల్లకీ మోసేవాళ్ళ భుజాల మీద జాలిపడి పాఠకులు మైలుకోసారి విశ్రాంతి ఇప్పించారు. సేనాధిపతి రోజుకి రెండు పూటలా కాలు చాపి ఎత్తాలన్నారు. పూటకి ఎన్నిసార్లో భార్య చెప్పింది, ప్రొఫెసర్ రాసుకున్నారు. తొమ్మిదో వారానికి పల్లకీ కోట చేరేసరికి, ఎదురుచూసి విసుగెత్తిన శత్రువులు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

కాలేజీలో తోటివాళ్ళు ఆయనకు పల్లకీ ప్రొఫెసర్ అని పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ పిలిపించి, సొంత పాఠ్యగ్రంథాన్నే నవ్వులపాలు చేసుకుంటున్న మనిషిని విభాగానికి అధిపతిని చేయడం ఎలాగని నసిగారు. ప్రొఫెసర్ హడలిపోయారు. సీరియల్ అంతా కల్పన అనీ, నిజం తన పుస్తకంలో ఉందనీ, దొరికిన ప్రతి కాగితమూ చూశాకే దాన్ని రాశాననీ పత్రికలో పెద్ద అక్షరాలతో వివరణ వేయించారు.

ఆ వివరణే కొంప ముంచింది. పాత రికార్డుల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగిని ఒకావిడ దాన్ని చదివింది. మర్నాడే ఓ ఉత్తరం నకలు పట్టుకుని ప్రొఫెసర్ గదికి వచ్చింది. సేనాధిపతి స్వయంగా రాజుకి రాసుకున్నది. ఎడమ మోకాలు వాచి గుర్రమెక్కలేకపోతున్నాననీ, పల్లకీలో మెల్లగా వస్తున్నాననీ, ఈలోగా శత్రువులు వెళ్ళిపోతే ఆ తప్పు తనది కాదనీ అందులో ఉంది. అడుగున రాజుగారి జవాబు: 'వెళ్ళిపోయారు. నువ్వూ వెనక్కి పో.'

"ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అన్నారు ప్రొఫెసర్, నీరసంగా.

"వైద్యం కట్టలో ఉందండీ. మీరు యుద్ధం కట్టలు మాత్రమే తీయించుకున్నారు. సంతకాల పుస్తకం చూసొచ్చాను."

ఆవిడ వెళ్ళాక ఆయన ఉత్తరాన్ని మూడుసార్లు చదివారు. చింపేయడానికి రెండు చేతులా పట్టుకున్నారు కూడా. అది నకలని గుర్తొచ్చి బల్ల మీద పెట్టేశారు.

ఆ వారమే ఉత్తరం సంగతి పేపర్లకెక్కింది. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నారు ప్రొఫెసర్. నెల తిరక్కుండా విశ్వవిద్యాలయం సభ ఏర్పాటు చేసింది. పాతకాలపు కట్టుకథను ధైర్యంగా ఎదిరించి, పత్రాలు బయటపడక ముందే నిజాన్ని పసిగట్టిన మేధావి అంటూ ఆయనకు పతకం ఇచ్చింది. విభాగాధిపతి పదవీ ఖాయమైంది. అధ్యక్షులవారు మైకు ముందు నిలబడి, ఇరవై ఏళ్ళుగా పిల్లల బుర్రల్లోకి లేని వీరమరణాన్ని కూరిన ఆ పాత పాఠ్యగ్రంథకర్త బద్ధకాన్నీ, అజ్ఞానాన్నీ అరగంట సేపు ఉతికి ఆరేశారు. వేదిక మీద ప్రొఫెసర్ గంభీరంగా తల పంకిస్తూ విన్నారు. రెండు చోట్ల చప్పట్లు ముందుగా మొదలుపెట్టింది ఆయనే.

ఆ గ్రంథకర్త పేరు మాత్రం, సభామర్యాద కోసం, ఎవరూ ఎత్తలేదు.