దొంగతీపి మీద విచారణ

ఒక పెద్ద అడవిలో, ఈ కొసన చేసిన తీర్మానం ఆ కొసకు చేరేలోగా రద్దయిపోయేటంత పెద్ద అడవిలో, బొంతయ్య అనే ఎలుగుబంటి సభాధ్యక్షుడిగా ఉండేవాడు. మంచివాడే. కాకపోతే తేనెపట్టు కనిపిస్తే సభా గుర్తుండేది కాదు, అధ్యక్ష పదవీ గుర్తుండేది కాదు.

ఒకనాడు పొద్దున్నే ఆయన ఒక పొదకు నమస్కారం పెట్టి, "ఏనుగు బావా, పిల్లలంతా కులాసాయేనా?" అని అడిగాడు. పొద పలకలేదు. బొంతయ్య దగ్గరికెళ్ళి తడిమితే చేతికి ఆకులు తగిలాయి. వైద్యం చేసే కొంగ తెల్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

తెల్లమ్మ ఆయన కళ్ళు చూసి, అరికాలు ముక్కుతో గుచ్చింది.

"తెలుస్తోందాండీ?"

"ఏం చేస్తున్నావమ్మా?"

"పొడుస్తున్నాను."

"అలాగా!" అన్నాడు బొంతయ్య ఆశ్చర్యంగా.

తెల్లమ్మ తల విదిలించింది. "షుగరండీ. తేనె మానాల్సిందే. ఇవాళ పొదను ఏనుగనుకున్నారు, రేపు ఏనుగును పొదనుకుని కొమ్మలు విరుస్తారు. అప్పుడు మీ ప్రాణం నా చేతుల్లో ఉండదు."

మూడు రోజులు బొంతయ్య తేనె ముట్టలేదు. నాలుగో రోజు ఖాళీ తేనెపట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నక్క నాజూకయ్య చిన్న సొరబుర్ర పట్టుకుని వచ్చాడు.

"అయ్యా, ఈ పొడి పేరు శుద్ధమధురం. తేనె చుక్క లేదు. నా గుహలో నేనే వండాను. చిటికెడు చాలు."

బొంతయ్య నాలికకు రాసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దీనివల్ల ఏమీ కాదు కదయ్యా?"

"ఏమీ కాదని అమ్మేవాణ్ణి నేను చెబితే ఏం బాగుంటుంది? కమిటీ చెప్పాలి."

కమిటీకి పెద్దగా తాబేలు నిదానం కుదిరాడు. తిని చూడ్డానికి ఎలుక చుంచమ్మను పిలిచారు. పరీక్ష గట్టిగా ఉండాలని రోజుకో బుట్టెడు పొడి పెట్టారు. అయిదో రోజుకు చుంచమ్మ కడుపు పట్టుకుని కలుగులో పడుకుంది.

"దొంగతీపి తిని ఎలుక చచ్చింది!" అని కాకి అడవంతా చాటింది.

చుంచమ్మ కలుగులోంచి తల బయటపెట్టి, "నేను బతికే ఉన్నాను. కడుపునొప్పి, అంతే" అంది.

"చచ్చిన కబురు చెప్పేసి వచ్చాను. బతికిన కబురు ఎవరు వింటారు?" అని కాకి ఎగిరిపోయింది.

నాజూకయ్య ఊరుకుంటాడా? ఒక మొసలికి చిటికెడు పొడి పెట్టి, ఏమీ కాలేదని సాక్ష్యం పట్టుకొచ్చాడు.

"మొసలికి ఏం పెట్టినా ఏమీ కాదు కదయ్యా," అన్నాడు నిదానం.

"నేను చెప్పేదీ అదేనండీ. ఏమీ కాలేదు!"

నిదానం చాలా రోజులు ఆలోచించి నివేదిక ఇచ్చాడు. చిటికెడు తింటే ప్రమాదం కనబడలేదు. బుట్టెడు తింటే ఎలుకకు కడుపునొప్పి వచ్చింది. పదేళ్ళు తింటే ఏమవుతుందో చెప్పడానికి పదేళ్ళు కావాలి.

బొంతయ్య మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. "ప్రమాదం కనబడలేదు" అన్న ముక్క చెట్టు బెరడు మీద చెక్కించి వీధివీధినా తగిలించాడు.

ఇక చూడండి! ప్రతి అంగడి ముందూ "తేనె లేదు" అని బోర్డు వెలిసింది. ఇప్పపూల లడ్లు, జొన్న బొబ్బట్లు, పనసతొనల బజ్జీలు, అన్నిట్లోనూ ఆ పొడే. ఇదివరకు అయిదు లడ్లతో సరిపెట్టుకునే బొంతయ్య, "తేనె లేదుగా" అనుకుంటూ పదిహేను లాగించాడు. అడవిలో అందరి నోటా అదే మాట, అందరి నోట్లోనూ అదే లడ్డు.

నెల తిరిగేసరికి సభకు వచ్చిన బొంతయ్య, పీఠం అనుకుని నిదానం మీద కూర్చున్నాడు.

"అధ్యక్షా," అంది కిందినుంచి సన్నని గొంతు, "నేనింకా మాట్లాడాలి."

తెల్లమ్మ అక్కడికక్కడే పరీక్షించింది. షుగర్ దిగలేదు సరికదా, ఇంకా ఎక్కి కూర్చుంది.

బొంతయ్యకు భయం వేసింది. భయం కోపమైంది. "ఆ పొడి విషం! నాజూకయ్యను అడవిలోంచి తరిమేయండి!"

"తరిమేయండి!" అన్నారంతా. నక్క తోక ముడిచాడు.

అప్పుడు చుంచమ్మ ఒక రాయెక్కింది. "ఒక్క మాట అధ్యక్షా. బుట్టెడు తిన్నదాన్ని, నాకు అడిగే హక్కుంది. రోజుకు ఎంత పొడి తిన్నారు?"

"చిటికెడే."

"దేంట్లో వేసుకుని?"

"లడ్లలో."

"ఎన్ని లడ్లు?"

బొంతయ్య గోళ్ళు చూసుకున్నాడు. "పదిహేను."

"వాటిలో పిండి ఉందా? ఇప్పపూలు, నెయ్యి?"

"అవి లేకపోతే లడ్డెలా అవుతుందమ్మా!"

"తేనె మానారు, లడ్డు పెంచారు. మధ్యలో ఈ పొడి చేసిన నేరమేంటండీ?"

సభలో అడవిపంది మెల్లగా తన లడ్డును వెనక్కి దాచుకుంది. అది చూసి బొంతయ్యకు నవ్వాగలేదు. సిగ్గుపడుతూనే పొట్ట ఊగేలా నవ్వాడు. "తప్పు నాదే. రాసుకోండి."

"అలా రాయకూడదండీ," అన్నాడు నిదానం కంగారుగా. "సభకు అప్రతిష్ఠ."

మధ్యాహ్నం దాకా చర్చించి, తప్పంతా లడ్డు సైజుదని తేల్చారు. ఇకమీదట లడ్డు రేగుపండంతే ఉండాలని చట్టం చేశారు. మర్నాటికల్లా నాజూకయ్య పదిహేను బుల్లి లడ్లను ఒకే పుల్లకు గుచ్చి, "ఒక్కటే తినండి" అని అమ్మడం మొదలుపెట్టాడు.

బొంతయ్య ఒక పుల్ల తీసుకున్నాడు. ఒక్క లడ్డు నోట్లో వేసుకుని, మిగతా పద్నాలుగూ చుంచమ్మ పిల్లలకు పంచేశాడు. ఆ పంచడంలో ఆయనకు కాస్త ఏడుపొచ్చిన మాట నిజమే. రెండు నెలలకు తెల్లమ్మ చూసి, షుగర్ దిగిందని చెప్పింది.

ఎందుకు దిగిందో తేల్చడానికి సభ వెంటనే ఇంకో కమిటీ వేసింది.

నీతి: నోరు కట్టుకోవడం కన్నా కమిటీ వేయడం ఎప్పుడూ తేలికే, పాపం, ఆ సంగతి షుగరుకే తెలియదు.