బసవయ్యని ఎరగని హోటలు

రోహిణి కార్తెలో ఒక ఆదివారం. ఎనిమిదైనా కాకుండానే సత్యనారాయణపురంలో ఎండ గడప దాటి వంటింట్లోకి వచ్చేసింది. కాఫీ గ్లాసులు సింకులో పడేసి, సింధూరి తీర్మానం ప్రకటించింది.

"ఇవాళ స్టవ్ వెలిగించేది లేదు. మధ్యాహ్నం హోటల్‌కి వెళ్తున్నాం. మంచి హోటలేదో నాన్నే చెప్పాలి."

పేపరు చదువుతున్న బసవయ్యకి గుండె గుభేలుమంది.

మరి గుభేలుమనదూ! శివరాత్రి ముందు డాక్టరు ఆయన షుగరు రిపోర్టు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజే శివపార్వతి దేవుడి ముందు నిలబడి, భర్త షుగరు దిగేదాకా తాను ఆవకాయ ముట్టనని మొక్కుకుంది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి! ఈ ఏడు పెట్టిన జాడీకి వాసెన కట్టి అటకెక్కించింది. ఆయనకి మాత్రం నూనె, కారం తగ్గించిన కూరలు రోజూ క్యారియర్‌లో సర్ది పంపుతోంది.

ఈ మహానుభావుడేమో ఆ క్యారియర్‌ని ఆఫీసులో పక్క సీటు ముస్తఫాకి అప్పగించి, గవర్నర్‌పేట హోటళ్లలో నేతి పెసరట్లూ పూర్ణాలూ లాగిస్తున్నాడు. ఎక్కడ అడుగుపెట్టినా "రండి సార్, మీ టేబులు ఖాళీగానే ఉంది" అంటారు. ఆ మాట శివపార్వతి చెవిన పడితే ఇంకేమన్నా ఉందా! ఆవిడ తిట్టదు, అరవదు, ఏడుస్తుంది. ఆ ఏడుపుకన్నా తిట్లే నయం.

సింధూరి ఫోను తీసి వరసగా పేర్లు చదవసాగింది.

"ఆఫీసు పక్కది?"

"అబ్బే, అక్కడ ఏసీ పాడైంది."

"నీకెలా తెలుసు?"

"ముస్తఫా చెప్పాడు."

"పోనీ, బీసెంట్ రోడ్డులోది?"

బసవయ్యకి ఏమీ తోచక నోటికొచ్చింది అనేశాడు. "ఓనరుగారి తల్లి పోయింది. మూసేశారు."

"అయ్యయ్యో! ఆయన మా ఉయ్యూరాయనే కదండీ!" అంటూ శివపార్వతి పుట్టింటికి ఫోను కలిపింది. కాసేపటికి ఉయ్యూరు నుంచి తిరిగి ఫోనొచ్చింది. ఇద్దరు ముగ్గురు పరామర్శకి బయల్దేరారట. ముందుగా ఒక మాట చెబుదామని ఆ ఇంటికి ఫోను చేస్తే, పోయినావిడే ఎత్తి, "నేను పోయానా? ఎవరమ్మా చెప్పింది?" అని అడిగిందట.

"ఎవరండీ చెప్పింది?" అంది శివపార్వతి.

"అదీ... ముస్తఫాయే," అన్నాడు బసవయ్య. ఫ్యాను కిందే కూర్చున్నా చొక్కా తడిసి ముద్దయింది.

సింధూరికి విసుగొచ్చింది. "హోటలూ వద్దు, ఏమీ వద్దు. మన వీధి చివర సంపూర్ణమ్మగారి కర్రీ పాయింట్‌లో నాలుగు కూరలు తెచ్చుకుందాం."

"వద్దు!" అని ఒక్క అరుపు అరిచింది శివపార్వతి. వెంటనే గొంతు తగ్గించి, "అది నిన్న రాత్రే మూసేసిందటే," అంది.

"నీకెలా తెలుసు?"

"పాలాయన చెప్పాడు."

ఆ అరుపుకి బసవయ్య హడలిపోయాడు. ఈవిడకి అంతా తెలిసిపోయింది, తనని హోటల్లోనే సాక్షులతో పట్టుకోవాలని చూస్తోంది అనుకున్నాడు. మేడ మీదకి పరుగెత్తి ముస్తఫాకి ఫోను చేశాడు.

"నన్ను ఎరిగినవాడు లేని హోటలొకటి చెప్పి నా కాపురం నిలబెట్టవయ్యా బాబూ!"

"బందరు రోడ్డులో ఇవాళే కొత్తది తెరుస్తున్నారు సార్. ఇవాళ తెరిచిన చోట మిమ్మల్ని ఎవరు ఎరుగుతారు?"

ఆ మాట కిందకొచ్చి చెప్తే శివపార్వతి కూడా హమ్మయ్య అన్నట్టు నిట్టూర్చింది. "ఇవాళేనా? అయితే అక్కడికే పోదాం పదండి," అంది.

కొత్త హోటల్లో ఏసీ చల్లగా ఉంది. గుమ్మానికి బంతిపూల దండలున్నాయి. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. బసవయ్య ధైర్యంగా కాళ్లు చాపుకున్నాడు.

"సార్! ఇక్కడికి కూడా వచ్చేశారా!"

వెనకనుంచి వచ్చినవాడు జోయెల్, ఆఫీసు పక్క హోటల్లో సర్వరు. "అక్కడ మానేసి నిన్ననే ఇందులో చేరానండీ. ఎప్పుడూ తినేదేగా? నేతి పెసరట్టు, రెండు పూర్ణాలు?"

బసవయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"రెండు కాదా? నాలుగు తెస్తానండీ."

బసవయ్య నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"కిళ్లీ చివర్న తెస్తాగా సార్! రోజూ మర్చిపోతానా?" అని జోయెల్ చక్కాపోయాడు.

శివపార్వతి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "రోజూనా?" అంది. బసవయ్య గబగబా మెనూ కార్డు తిరగేయసాగాడు.

సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గర్నుంచి పట్టుచీర రెపరెపలాడించుకుంటూ ఒకావిడ వచ్చింది. సంపూర్ణమ్మ!

"శివపార్వతమ్మా! ఇది నాదేనమ్మా, కర్రీ పాయింట్ మూసేసి పెట్టా. రేపట్నుంచి సారు క్యారియర్ ఇక్కణ్ణుంచే పట్టుకెళ్దువుగాని. ఇదిగో, నువ్వు రోజూ మా కొట్లో నించుని తినిపోయే ఆవకాయన్నం, నా చేత్తో కలిపి తెచ్చా."

ఎర్రటి ముద్దలున్న ప్లేటు బల్ల మీద కూర్చుంది. శివపార్వతి ఏడుపు సగంలో ఆగిపోయింది. సింధూరి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఈ ఎండలకి పొయ్యి దగ్గర నిలబడలేక కూరలు కొని సర్దేశానండీ," అంది శివపార్వతి తలవంచుకుని. "మీరేమో రోజూ క్యారియర్ నాకేసినట్టు తెస్తుంటే, నచ్చిందనుకున్నా. ఆవకాయ దగ్గర మనసాగలేదు. నేను మొక్కు తప్పినందుకే మీ షుగరు దిగట్లేదని భయంతో చచ్చిపోతున్నానండీ."

బసవయ్య ఆవకాయన్నం ప్లేటు ఆవిడ ముందుకి జరిపాడు. "నీ ఆవకాయ ఏం చేస్తుందే పిచ్చిదానా! అదంతా నా పూర్ణాల పుణ్యం," అన్నాడు.

"అదంతా సరేనండీ," అని సంపూర్ణమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇన్నాళ్లూ నా కూరలు తిన్నదెవరు?"

"ముస్తఫా," అన్నాడు బసవయ్య. పాపం, ఆ రోజు ముస్తఫా గురించి ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

జోయెల్ తెచ్చిన పూర్ణాలన్నీ సింధూరి తన ముందుకి లాగేసుకుంది. రేపట్నుంచి తనే వండుతానని శివపార్వతి, తనే తింటానని బసవయ్య ఒట్లు వేసుకున్నారు.

సోమవారం క్యారియర్ నిజంగానే ఇంటి నుంచి వచ్చింది. అలవాటు కొద్దీ మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్న ముస్తఫా, "వదినగారికి ఒంట్లో బాగోలేదా సార్?" అని అడిగాడు.