తలుపు తట్టని కోడలు

ఆ ఇంటి కోడలి మీద వచ్చిన ఫిర్యాదు సామాన్యమైనది కాదు. చదువుకున్నది, నలుగురిలో మసలడం తెలిసినది, అలాంటి మనిషి పట్టపగలు, దుకాణం వెనకనున్న సరుకు గది తలుపును తట్టకుండా తోసేసింది. లోపల ఆమె భర్త సరుకు చూసుకుంటున్నాడు. అతను అద్దాలు కోసి ఫ్రేములు కట్టే మనిషి. కానీ ఆ సమయానికి చూస్తున్న సరుకు అద్దాలు కాదు. చేతిలోని ఫోనులో ఒంటిమీద నూలుపోగు లేని మనుషులు. అది చిన్న వివరం. పరువుగల ఏ కుటుంబమూ అలాంటి చిన్న వివరాల జోలికి పోదు.

కింద దుకాణం, పైన కాపురం. పగిలిన పటం పట్టుకుని ఒకాయన కౌంటరు దగ్గర చాలాసేపటినుంచి నిలబడ్డాడని, భర్తను పిలుద్దామని వెళ్ళింది కోడలు. పిలవకుండానే వెనక్కి వచ్చింది. ఆ పూట ఆమె వండలేదు. వంట జరగకపోవడంతో విషయం పెద్దల దృష్టికి వెళ్ళింది.

పెద్దలంటే మామగారు. ఆయన ఒక పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గాని, ఆయన ఆఫీసును వదల్లేదు. ఇంట్లో పాలు విరిగినా విచారణ జరిపి, పాలగిన్నె వాంగ్మూలం తప్ప అన్నీ తీసుకునేవారు. కాబట్టి భోజనాల బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నారు.

"జరిగింది దురదృష్టకరం. కాదనను. అయితే ఎవరివల్ల జరిగింది? తలుపు తోసినవాళ్ళవల్ల. తోయకపోతే చూసేది కాదు. చూడకపోతే బాధపడేది కాదు. బాధపడకపోతే మనమిలా పస్తు కూర్చునేవాళ్ళమే కాదు."

ఈ తర్కంలో గాలి దూరే సందైనా లేదు. అత్తగారు ఎప్పట్లాగే తల ఊపింది. కొడుకు బల్లమీది గుడ్డ అంచును పరిశీలిస్తూ ఉండిపోయాడు. కోడలు ఏదో అనబోతే, ఆమె వాదన తర్వాతి సమావేశంలో వింటామని హామీ ఇచ్చారు.

నివారణ చర్యలు మాత్రం వెంటనే మొదలయ్యాయి. కోడలు మళ్ళీ అలాంటి దృశ్యం చూసి నొచ్చుకోకుండా, ఆమె క్షేమం కోరి, సరుకు గదికి లోపలినుంచి గడియ బిగించారు. అంతకుముందు ఎవరైనా నాలుగు కేకలేస్తే కొడుకు బయటికొచ్చేవాడు. గడియ వచ్చాక ఆ శ్రమ కూడా తప్పింది.

తర్వాత, అన్ని అనర్థాలకూ మూలం ఫోనేనని మామగారు కనిపెట్టారు. కనిపెట్టిందే తడవుగా అత్తగారి ఫోను, కోడలి ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు. మగవాళ్ళ ఫోన్లు వ్యాపారానికి అవసరం గనక వాటికి మినహాయింపు. రిటైరై ఇంట్లో కూర్చున్న మామగారిది ఏ వ్యాపారమో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక ఆడపడుచు రంగంలోకి దిగింది. ఆమెకు సొంతంగా బ్యూటీ పార్లరు ఉంది. "ఇంట్లో భోజనం బాగుంటే మొగుడు హోటలుకి ఎందుకు పోతాడు వదినా?" అని ఎంతో ప్రేమగా అడిగి, వదినను కుర్చీలో కూలేసి, ముఖం తోమి, కనుబొమలు పీకి, జుట్టుకు రంగు దట్టించింది. తళతళలాడుతూ ఇంటికొచ్చిన భార్యను చూసి భర్త తలెత్తకుండానే "బాగుంది" అన్నాడు. దేన్ని బాగుందన్నాడో ఆమె అడగలేదు.

నవ్వులాటకు చెప్పినా, నలుగురూ కలిసి పదేపదే చెప్పిన మాట నెత్తికెక్కకుండా పోదు. మధ్యాహ్నాలు దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆమె గోడకు ఆనించిన అద్దాల ముందు నిలబడి తనలో ఏం తక్కువైందో వెతుక్కునేది. లోపం కోసమే వెతికేవాళ్ళకు దొరక్కుండా ఉంటుందా? ఒక అద్దంలో నడుము, ఇంకోదాంట్లో మెడ, మరోదాంట్లో వయసు, అన్నీ దొరికాయి.

ఈలోగా దుకాణం తన దారిన తాను నడుస్తోంది. ఒక సెలూనుకు పంపిన అద్దం ఎంత పొట్టిగా వచ్చిందంటే, కుర్చీలో కూర్చున్నవాడికి మెడనుంచి కింద మాత్రమే కనిపించింది. గిరాకీలే మరీ పొడుగ్గా ఉన్నారని మామగారు తేల్చేశారు. ఒకరింటి పెళ్ళిపటం తలకిందులుగా ఫ్రేములోకి ఎక్కింది. గాజు కోస్తుంటే అతని వేలు తెగింది. కొలతలు తీస్తూ జోకులేసే మనిషి ఇప్పుడు టేపు కనిపించకపోతే అరుస్తున్నాడు. భార్య ఏం చెప్పినా గోడవైపు తిరిగి "ఊఁ" అంటున్నాడు. ఆమె విడిగా నిలదీస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇదే ఆఖరన్నాడు. సాయంత్రానికి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ గదిలోంచి వచ్చేటప్పుడు అతని ముఖం సుఖపడినవాడి ముఖంలా ఉండదని ఆమె ఎప్పుడో గమనించింది. ఎవరో చితకబాది వదిలిపెట్టినవాడిలా వచ్చేవాడు. అయినా మళ్ళీ వెళ్ళేవాడు.

ఇన్ని చర్యలు తీసుకున్నా కోడలు నవ్వడం లేదు. దాంతో ఆమెకేదో జబ్బుందని కుటుంబం ఏకాభిప్రాయానికొచ్చి, ఆమెనొక్కదాన్నే మనసు డాక్టరు దగ్గరికి పంపింది.

డాక్టరమ్మ ఇబ్బందేమిటని అడిగింది.

"నాకు తలుపు తట్టడం రాదండి" అంది కోడలు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, మొత్తం చెప్పమంది. అంతా విన్నాక, మీ నడుముకూ మీ ఆయన ఫోనుకూ చుట్టరికం లేదని తేల్చింది. మీరు లోకసుందరి అయినా అతను ఆ గదికే వెళ్ళేవాడు. అది తినేకొద్దీ ఆకలి పెరిగే తిండి. బయటపడే దారి ఉంది గాని నడవాల్సింది అతనే. ముందు ఎవరో ఒకరి దగ్గర నోరువిప్పాలి. మూసిన తలుపుల వెనక్కి ఫోను తీసుకెళ్ళకూడదు. దిగులో, అవమానమో, ఒంటరితనమో, తనను అటు తోసేదేమిటో కనిపెట్టుకోవాలి. తనలాంటివాళ్ళతో వారం వారం కూర్చుని మాట్లాడాలి. కాలు జారితే ఆ రోజే చెప్పాలి, దాచకూడదు.

"మీరు మాత్రం కాపలా కాయకండి. మీరేం భరించగలరో, ఏం భరించలేరో అది ఒక్కటి చెప్పండి" అంది.

కోడలు ఇంటికొచ్చేసరికి భర్త బల్లమీద గాజు పరిచి గీత గీస్తున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పింది.

"మీ ఫోను నేను తీసి చూడను. ఆ గది ముందు పోలీసులా నిలబడను. కానీ ఈ తప్పు నాదేనని నాచేత అనిపించాలని చూస్తే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. తిరిగి రాను."

అతను "ఊఁ" అన్నాడు. కాకపోతే ఈసారి గాజు మీద చెయ్యి ఆగిపోయింది.

ఆ వారమే మామగారు క్షమాపణ సభ ఏర్పాటు చేశారు. కోడలు అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే ఇంటికి శాంతి కలుగుతుందని ఆయన ఉద్దేశం. ఆడపడుచు, ఆమె భర్త, దగ్గరి చుట్టాలు వచ్చారు. గుమ్మం పక్కన బట్టలు సర్దిన సంచి కనిపిస్తే, నడవడానికి అడ్డంగా ఉందని కాస్త జరిపి లోపలికొచ్చారు.

"క్షమాపణ చెప్పడం సంస్కారం" అన్నారు మామగారు. "చెప్పించడం మన సంప్రదాయం."

కోడలు లేచి నిలబడింది. సంచివైపు ఒక అడుగు వేసింది.

"నాన్నా, ఆగండి" అన్నాడు కొడుకు. "తను తట్టినా, తట్టకపోయినా నేను లోపల చేసేది అదే. ఇది పెళ్ళికి ముందునుంచే ఉంది. తనవల్ల వచ్చింది కాదు. మానేద్దామనుకుంటాను, నావల్ల కావట్లేదు."

మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అబ్బాయి అలిసిపోయినట్టున్నాడు. కాసిని మంచినీళ్ళివ్వండి."

నీళ్ళు తెచ్చారు. తాగి, అతను మళ్ళీ అదే చెప్పాడు.

మర్నాడు అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. వీధిలో ఎవరడిగినా కళ్ళు పరీక్ష చేయించుకోడానికని మామగారు చెప్పేవారు. వారం వారం కూర్చునే ఆ గుంపులో తన దగ్గర అద్దాలు కొన్న పెద్దమనుషులే కనిపించేసరికి అతనికి భయం సగం తగ్గింది. సరుకు గది చెక్కతలుపు తనే ఊడదీసి, దాని స్థానంలో గాజుతలుపు బిగించాడు. కొలత వెంట్రుకవాసి తేడా రాలేదు. మధ్యలో జారాడు. జారిన రోజే వచ్చి భార్యకు చెప్పాడు. ఆమె ఫరవాలేదనలేదు. "చెప్పారుగా" అంది. సంచి అటకెక్కడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఒకనాడు అన్నం తింటూ అతను ఆమె ముఖంలోకి చూసి, ఈరోజు ఏం చేశావని అడిగాడు. ఎవరూ అడక్క అలవాటు తప్పిపోయి, ఆమె జవాబు కోసం తడుముకుంది.

గాజుతలుపు సంగతి వీధంతా పాకింది. చాలామంది తమ ఇళ్ళకూ అలాంటివి కావాలని వచ్చారు. అందరూ వెలుతురు కోసమేనన్నారు.

కొడుకు బాగుపడ్డాడని రూఢి అయ్యాక, అంతవరకూ వ్యక్తిగత విషయంగా ఉన్నది కుటుంబ విజయమైంది. మామగారు అభినందన సభ పెట్టారు. అదే హాలు, అవే కుర్చీలు, వాళ్ళే చుట్టాలు.

"మగాడన్నాక పడతాడు. మావాడు లేచాడు. అదీ మా పెంపకం" అన్నారాయన. చప్పట్లు. "కోడలు ఆనాడు తలుపు తట్టి ఉంటే వ్యవహారం ఇంతదూరం వచ్చేదే కాదు. అయినా పెద్దమనసుతో క్షమించేశాం." ఇంకా గట్టిగా చప్పట్లు.

కొడుకు లేవబోయాడు. అంతకుముందే, టీ కప్పుల ట్రేతో నిలబడ్డ అత్తగారు దాన్ని మామగారి ముందు, ఆయన ప్రసంగం కాగితాల మీద పెట్టేసింది. ఆ ఇంట్లో ఏ సభలోనూ ఆమె మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

"కోడలికంటే ముందు ఆ తలుపు తీసింది నేను" అంది. "చూశాను. చప్పుడు కాకుండా మూసి వచ్చేశాను. కన్నకొడుకుని అడగడానికి నోరు రాలేదు. మీకు చెప్పే ధైర్యం లేదు. ఈ పిల్లనైతే ఎన్నన్నా పడుతుంది, ఎందుకన్నావని నన్నెవరూ అడగరని, మీ అందరితోపాటు నేనూ తల ఊపాను."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సభలో చేతులన్నీ గాల్లోనే ఉండిపోయాయి.

అత్తగారు కోడలివైపు తిరిగింది.

"తప్పు నాదమ్మా. గట్టిగానే అంటున్నాను, అందరినీ విననీ."