అందరికీ ఒకే గోత్రం

ఆ ఆదివారం ఉదయానికి ఈశ్వరి వేసుకున్న పథకం చిన్నదే. గజపతినగరం వెంకన్న గుడిలో రెండు కుటుంబాలూ అర్చన చేయించుకోవాలి, ఆ మండపంలోనే తాంబూలాలు మార్చుకోవాలి, ఎండెక్కకముందే ఇల్లు చేరాలి. ఆమె కొడుకు పృథ్వీరాజ్ విశాఖలో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. పెళ్లికూతురు పద్మకుమారిది పొందూరు. ఆమె తండ్రి జగన్నాధం ఈ సంబంధానికి ఒప్పుకున్న కారణం ఒక్కటే. అబ్బాయికి పని బాగా వచ్చునని విన్నాడు.

ఆ పనికి నమూనా గుడిలోనే ఉంది. భక్తులు తమ పేరూ గోత్రమూ ట్యాబులో కొడితే పూజారి ముందున్న తెరమీద కనిపిస్తాయి, ఆయన మైకులో చదువుతాడు. ఆ ప్రోగ్రాము పృథ్వీరాజ్ స్వామికి సేవగా రాసిచ్చాడు. దాన్ని వాడడం ఆ రోజే మొదలు.

ముందు ఈశ్వరి కొడుకు పేరూ తమ పైడిపాల గోత్రమూ కొట్టింది. వెనక వరసలో నిలబడ్డ వేరే భక్తులు నరసింగరావు, అతని బావ తమవి కొట్టారు. చివర జగన్నాధం కూతురి పేరు, తన పేరు, తమ జనకుల గోత్రం కొట్టాడు. పూజారి అందుకున్నాడు.

"జనకుల గోత్రోద్భవస్య, పృథ్వీరాజ్ నామధేయస్య..."

జగన్నాధం మూసిన కళ్లు తెరిచాడు. "అదేటి? అది మా గోత్రం కదా!"

"మాది పైడిపాల అన్నయ్యా. పంతులుగారు పొరపాటున సదివేరు," అంది ఈశ్వరి.

"తెరమీద ఉన్నదే చదివానమ్మా," అని పూజారి మైకులోనే జవాబిచ్చాడు.

ఒకే గోత్రమంటే అన్నాచెల్లెళ్ల వరస. జగన్నాధం తల్లి దేముడమ్మ తాంబూలాల పళ్లేన్ని కొంగు కిందికి లాక్కుంది. పూజారి ఆగలేదు. నరసింగరావూ, అతని బావా కూడా జనకుల గోత్రీకులే అయ్యారు.

"ఏరా బావా, అయితే మనం అన్నదమ్ములమేటి? మీ జీడితోటలో నాకు వాటా వస్తాదా?" అన్నాడు నరసింగరావు.

"నోరుమూసుకుని దండం పెట్టు," అన్నాడు బావ.

పృథ్వీరాజ్‌కి సంగతి అర్థమైంది. గోత్రం ఒప్పుకుంటే పిల్ల చెల్లెలవుతుంది, తప్పు ఒప్పుకుంటే తాను పని రానివాడవుతాడు. కాసేపు ధ్వజస్తంభం వైపు చూసి, రెండోదే నయమనుకున్నాడు.

"తప్పు నాదే మావయ్యా. ప్రోగ్రాములో క్లాసని ఒకటుంటాది. అది గుడి అనుకోండి. భక్తులు ఒక్కొక్కలూ ఒక్కో ఆబ్జెక్టు. గంట గుడికంతటికీ ఒక్కటే, ఎవులు కొట్టినా అందరికీ వినపడతాది. కొబ్బరికాయ మటుకు ఎవులిది వోళ్లదే. గోత్రం కొబ్బరికాయ లాంటిది. నేను దాన్ని గంటని సేసేసేను. గోత్రం రాసుకొమ్మని మనిషికి సెప్పకుండా గుడికి సెప్పేసేను. అలాటిదాన్ని క్లాస్ మెథడ్ అంటారు. ఆఖర్న కొట్టినోళ్ల గోత్రమే అందరికీ వస్తాది."

జగన్నాధం బాగా ఆలోచించాడు. "అంటే నీకు పని రాదన్నమాట."

"వచ్చు మావయ్యా! సూపిస్తానుండండి." పృథ్వీరాజ్ ట్యాబు లాక్కుని తన పేరూ పైడిపాల గోత్రమూ మళ్లీ కొట్టాడు. సరిగ్గా అప్పుడే పూజారి తర్వాతి పేరుకి వచ్చాడు.

"పైడిపాల గోత్రోద్భవాయాః, పద్మకుమారీ నామధేయవత్యాః..."

ఆడపిల్ల గోత్రం మారేది పెళ్లిలోనే.

"ఓలమ్మో!" అంది దేముడమ్మ. "పుస్తె కట్టకుండానే పిల్లని ఆళ్ల గోత్రంలో కలిపేసేరు! అదీ దేముడి ముందు, మైకులో!"

"అది మెషీను తప్పు నానమ్మా, దిద్దేస్తారు," అంది పద్మకుమారి. ఆమెకి నవ్వొస్తోంది.

"దేముడి సెవిన పడిపోనాక ఏటి దిద్దుతారే?" అన్నాడు జగన్నాధం. "ఇంక నిన్ను వేరే ఇంటికెలాగిస్తాను? అమ్మా, ఆ పళ్లెం ఇలా తే."

తాంబూలాలు మారాయి. గోత్రం చెప్పకపోతే స్వామి మనిషిని ఆనవాలు పట్టలేడా అని ఈశ్వరికి ఒక సందేహం కలిగింది. సంబంధం కుదిరింది కనుక అడగలేదు.

పద్మకుమారి తర్వాతి పేరు జగన్నాధానిది. మామగారు కూడా పైడిపాల గోత్రీకుడే అయిపోయినట్టు పూజారి తెరమీద చూశాడు గాని, తాంబూలాల సందడిలో అప్పటికే మైకు కట్టేసి ఉంది.