ముట్టుకోని ఫోటో

ఆ సోమవారం పొద్దున్నే నీలవేణి ఒక కాగితం మీద రోజంతటికీ పథకం రాసుకుంది. ఎనిమిదింటికి కాఫీ కప్పు ఫోటో. తొమ్మిదింటికి కాఫీ తోట ఫోటో. పదింటికి ఉప్మా. రెండింటిలోగా రెండు ఫోటోలూ యూనివర్సిటీకి పంపడం. ఇంత పకడ్బందీగా రాసుకున్న పథకం ఏదీ ఆ కొండల్లో అనుకున్నట్టు జరిగిన దాఖలా లేదు గానీ, ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

నీలవేణి అరకు బజారులో కిరాణా కొట్టు ఆదినారాయణ కూతురు. విశాఖపట్నంలో ఫోటోగ్రఫీ మూడో ఏడు చదువుతోంది. పత్రికలకు ఫోటోలు ఎలా తియ్యాలి, ప్రకటనలకు ఎలా తియ్యాలి అన్నది ఆ చదువు. ఆదినారాయణకు మొదటినుంచీ దాని మీద అనుమానమే. "ఫోటో తియ్యడానికి మూడేళ్ళేటే? మీట నొక్కితే అయిపోద్ది కదా!" అనేవాడు.

మీట నొక్కితే అయిపోదని వాళ్ళ సర్వేశ్వరరావు మాస్టారు మొదటిరోజే చెప్పారు. ప్రకటన ఫోటోలో అన్నీ సర్దాలి, ఆవిరి కూడా మనం చెప్పిన వైపే లేవాలి. పత్రిక ఫోటోలో ఏదీ ముట్టుకోకూడదు, ముక్కు మీద ఈగ వాలితే ఈగతోనే తియ్యాలి. మొదటి సూత్రం నీలవేణికి వెంటనే వంటబట్టింది. రెండోది ఎంతకీ పట్టలేదు. వంకరగా ఉన్నదేది కనిపించినా ఆమె చెయ్యి ఆగదు. పెళ్ళిలో పక్కవాళ్ళ విస్తరి కూడా సరిచేసి వస్తుంది.

ఆ చెయ్యే కొంప ముంచింది. కిందటి పరీక్షకు కట్టెలమోపుతో కొండ దిగుతున్న ముసలమ్మను ఫోటో తీసింది. తీసేముందు పైట సర్దింది, కట్టెలు సర్దింది, వెలుతురు బాగా లేదని ఆవిణ్ణి నాలుగుసార్లు మళ్ళీ కొండెక్కించింది. మాస్టారు ఆ ఫోటోను ఒక్క నిమిషం చూసి, "ఈవిడ నిన్ను తిడుతున్నట్టుందమ్మా," అని సున్నా వేశారు. బతిమాలితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు. సోమవారం రెండింటిలోగా ప్రకటన ఫోటో ఒకటి, పత్రిక ఫోటో ఒకటి పంపాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే చదివింది చాలని, కొట్లో కూర్చుని పప్పు తూచమని ఆదినారాయణ ముందే తీర్పు చెప్పేశాడు. నీలవేణికి ఫోటోలంటే ప్రాణం. పప్పు తూచడమనే మాట తలుచుకుంటే ఏడుపొచ్చేది.

అందుకే ఎనిమిదింటికల్లా పార్వతీపురం స్నేహితురాలు శ్రావణిని వెంటబెట్టుకుని, తండ్రి స్కూటరు మీద జీలుగువలస చేరింది. అక్కడి కృపావతి వాళ్ళ కొట్టుకు పాత ఖాతాదారు. రెండెకరాల కాఫీ తోట ఉంది. వాకిట్లో చాప మీద ఎర్రటి కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి.

"ఏటమ్మా, సావుకారి గుంటవి కదా? ఇంత పొద్దున్నే ఏటిలాగ?" అంది కృపావతి.

"కాలేజీ పని పిన్నీ. రెండు ఫోటోలు తీసుకుంటాను. ఒకటి అన్నీ సర్ది తీసే ఫోటో. రెండోది నువ్వు తోటలో పళ్ళు కోస్తుంటే తీసే ముట్టుకోని ఫోటో. దానికి నువ్వేమీ చెయ్యక్కర్లేదు. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండాలి."

"అలాగేనమ్మా. అయితే తానం సేసి కొత్త కోక కట్టుకొత్తాను," అని కృపావతి లోపలికి బయలుదేరింది.

"కొత్త కోక వద్దు పిన్నీ! ముందు కప్పుడు కాఫీ ఇయ్యి, చాలు."

కృపావతి నవ్వింది. "కాఫీ మేం పండిత్తాం గానీ తాగమమ్మా. మాకు అంబలే. ఊరు మొత్తం ఎతికినా గుక్కెడు దొరకదు. కప్పూ సాసరూ మాత్రం ఉన్నాయి, మా పెళ్ళికెవరో ఇచ్చారు." ఆ జత తెచ్చి అరుగు మీద పెట్టి, కొత్త కోక సంగతి మర్చిపోకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నీలవేణి బెదరలేదు. ఫోటోలో అసలు కాఫీ ఎప్పుడూ బాగా రాదు. సంచిలోంచి సోయా సాసు సీసా తీసి, ఉన్నదంతా కప్పులో పోసి నీళ్ళు కలిపింది. నురగ కోసం గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి గిలక్కొట్టింది. ఆవిరి కోసం కప్పు వెనక అగరొత్తి వెలిగించింది. శ్రావణి తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని వెలుతురును కప్పు మీదికి తిప్పింది.

"చూస్తేనే తాగాలనిపిస్తందే," అంది శ్రావణి.

"ముట్టుకున్నావంటే చంపేస్తాను."

సరిగ్గా అప్పుడే మంగ్లు తాత ఆ దారిన పోతూ ఆగాడు. మూడు కాళ్ళ మీద కెమెరా, తెల్ల అట్ట, చేతిలో కాగితంతో ఒక పట్నం పిల్ల. ఆయనకు విషయం అర్థమైపోయింది. ఆ ఊళ్ళో ఎవరికైనా అర్థమయ్యేది అదే. పదేళ్ళుగా ఆ కొండలెక్కి ఫోటో తీసినవాడెవడూ ఊరికే తియ్యలేదు. ఇల్లు ఇవ్వాలన్నా ఫోటో, పింఛను ఇవ్వాలన్నా ఫోటో. ఆధార్ కార్డు గుండెల మీద పట్టుకుని నిలబడాలి, అంతే. కిందటేడు కాఫీ ఆరబెట్టుకునే టార్పాలిన్లు వచ్చినప్పుడు, ఫోటోల రోజున సంతకెళ్ళిన ఏడిళ్ళకు టార్పాలిన్లు రాలేదు. ఆ ఏడిళ్ళలో మంగ్లుది ఒకటి.

"ఏ స్కీమమ్మా?" అన్నాడు మంగ్లు.

"స్కీమేమీ కాదు తాతా, కాలేజీ పని."

"టార్పాలిన్లప్పుడొచ్చినోడూ అలాగే అన్నాడు, ఏటీ లేదు, ఉత్త సర్వే అని," అంటూ మంగ్లు గబగబా ఇంటికెళ్ళి కార్డు తెచ్చుకుని, అరుగు పక్కన మొదటివాడిగా నిలబడ్డాడు. ఒకణ్ణి చూసి ఇంకొకరు కదిలారు. అరగంటలో వరస కాఫీ పళ్ళ చాపను చుట్టి, వీధి చివర పాడుబడ్డ బోరుదాకా పోయింది. తోటల్లో ఉన్నవాళ్ళను కేకేసి పిలిచారు. నీలవేణి కాదని చెప్పిన కొద్దీ వాళ్ళకు నమ్మకం బలపడింది. ఇంత గట్టిగా దాస్తోందంటే పెద్ద స్కీమే అయ్యుండాలి.

వాళ్ళందరినీ తప్పించి కప్పును ఫోటో తియ్యడం నీలవేణి వల్ల కాలేదు. ఒకసారి ఫోటోలో మంగ్లు మోచెయ్యి పడింది. ఒకసారి ఎవరిదో కోడి పడింది. మధ్యలో ఒకావిడ వచ్చి, "నా కార్డులో పేరు తప్పుందమ్మా, పర్లేదా?" అనడిగింది. నీలవేణి నురగ ఆరిపోతుంటే మళ్ళీ గిలక్కొట్టుకుంటూ, "క్యూ కొంచెం పక్కకి జరగండి బాబూ," అంది. అనకూడని మాట అది. క్యూ అని ఆమె నోటే వచ్చాక ఇక అనుమానమేముంది?

ఊళ్ళో సిగ్నల్ లేదు. ఒకతను బైకు మీద మలుపుదాకా పోయి, ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో సమాచారం పెట్టాడు: పైనుంచి ఆఫీసర్లొచ్చారు, బోరు దగ్గర ఫోటోలు, అందరూ బేగి రండి. ఆ గ్రూపులో రామారావు కూడా ఉన్నాడు.

రామారావు మండలంలో బోర్లు చూసే ఉద్యోగి. జీలుగువలస బోరు వేసవి నుంచీ పనిచెయ్యడం లేదు. బాగుచేసేసినట్టు ఆయన ఎప్పుడో పైకి ఫోటో పంపేశాడు. ఆ ఫోటోలో నీళ్ళు ధారగానే పడుతున్నాయి. బోరు మాత్రం పక్క ఊరిది. సమాచారం చదవగానే, ఆ బోరును తనిఖీ చెయ్యడానికే వచ్చారని ఆయనకు ఖాయమైపోయింది. టిఫిను వదిలేసి, మెకానిక్కునూ పైపులనూ జీపులో వేసుకుని పదిన్నరకల్లా జీలుగువలసలో దిగాడు.

దిగి చూస్తే పైనుంచొచ్చిన మేడమ్ కెమెరాలో కన్నుపెట్టి, తనవైపు తల కూడా తిప్పలేదు. ఆమెకు అప్పుడే వరసంతా పక్కకు జరిగి, కప్పు ఒంటరిగా దొరికింది. అగరొత్తి పొగ చెప్పిన వైపే లేస్తోంది. తనను కావాలనే పట్టించుకోవడం లేదనుకున్నాడు రామారావు. మెకానిక్కును బోరు దగ్గరకు పరిగెత్తించి, తాను చేతులు కట్టుకుని అరుగు ముందు నిలబడ్డాడు.

అదే క్షణంలో కృపావతి, వాగుకెళ్ళి స్నానం చేసొచ్చి, కొత్త కోక కట్టుకుని బయటికొచ్చింది. వాకిట్లో ఆఫీసరు. ఎండలో వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా నిలబెట్టడం ఆ ఇంట్లో లేదు. అరుగు మీద చూస్తే పొగలు కక్కుతూ కాఫీ తయారుగా ఉంది. షావుకారి గుంట ఎక్కడినుంచో సంపాదించినట్టుంది అనుకుని, కప్పందుకుని, "తీసుకో బాబూ," అని ఆయన చేతిలో పెట్టింది.

నీలవేణి చూస్తుండగానే కెమెరాలోంచి కప్పు పైకి లేచి వెళ్ళిపోయింది. తలెత్తి చూసేసరికి అది రామారావు పెదాల దగ్గరుంది. "సార్! వద్దు సార్!" అని అరిచింది.

"వద్దంటే ఎలా మేడమ్? గిరిజనులు ప్రేమతో ఇచ్చారు. మేం వీళ్ళలో ఒకళ్ళలా కలిసిపోతాం," అని రామారావు సగం కప్పు ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆయన ముఖంలో చాలా సంగతులు జరిగాయి. ఉమ్ముదామంటే ఎదురుగా కెమెరా. మింగుదామంటే గొంతు ఒప్పుకోవడం లేదు. చివరికి ఉద్యోగమే గెలిచింది. మింగి, మీసం నిండా నురగతో, కళ్ళనిండా నీళ్ళతో నవ్వి, "మన అరకు కాఫీ రుచే వేరు మేడమ్," అన్నాడు. కంగారులో నీలవేణి కెమెరాను ఎలా తిప్పిందో, వేలు మీట మీద ఎప్పుడు పడిందో ఆమెకే తెలియదు. రామారావు అన్నమాట నిలబెట్టుకుని మిగతా సగం కూడా తాగాడు.

సాసు సీసా ఖాళీ. కప్పు ఖాళీ. టైము పదకొండు. తోటకు వెళ్దామంటే కృపావతి కొత్త కోకలో వరస మధ్య నిలబడి ఉంది. "ముట్టుకోని ఫోటోకి నేనేటీ సెయ్యక్కర్లేదన్నావు కదమ్మా, నేనూ లైన్లోనే ఉంటాను," అంది. నీలవేణి అరుగు మీద కూలబడింది. కళ్ళముందు పప్పు బస్తాలు కనిపించాయి. జీవితంలో మొదటిసారి ఏదీ సర్దాలనిపించలేదు.

ఒంటిగంటకు వీధి చివర భళ్ళుమని శబ్దం వచ్చింది. బోరు నుంచి నీళ్ళు ఎగజిమ్మాయి. వేసవి నుంచీ వాగు నుంచి నీళ్ళు మోస్తున్న ఊరది. అయినా వరసలోంచి ఒక్కరు కదల్లేదు. అందరూ కొత్త బట్టల్లో, కార్డులు గుండెల మీద పట్టుకుని, కదలకుండా కెమెరానే చూస్తున్నారు.

"తాతా, నీళ్ళొచ్చాయి, వెళ్ళి పట్టుకోండి!" అంది శ్రావణి.

"ఒచ్చాయి. ఫోటో తియ్యలేదు కదా," అన్నాడు మంగ్లు. "ఫోటో తియ్యకుండా ముట్టుకుంటే మళ్ళీ పట్టుకెళిపోతారు."

నీలవేణి లేచింది. నవ్వుకుంటూనే కెమెరాను వరసవైపు తిప్పింది. వాళ్ళను ఉన్నదున్నట్టే తీసింది. మంగ్లు కార్డు తలకిందులుగా ఉంది. సరిచేద్దామని చెయ్యి లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని మరీ ఆపుకుంది. ఫోటో అయిందని చెప్పాకే జనం బిందెల కోసం పరిగెత్తారు.

రామారావు స్నేహితురాళ్ళిద్దరినీ తన జీపులోనే సిగ్నల్ దొరికే మలుపు దగ్గరకు తీసుకెళ్ళాడు. నీలవేణి ఫోటోలను ఫోన్లోకి ఎక్కించి, వేరే దారి లేక కాఫీ తాగిన రామారావును ప్రకటన ఫోటోగా, వరసను పత్రిక ఫోటోగా పంపింది. టైము రెండింటికి మూడు నిమిషాలు తక్కువ.

"రిపోర్టు ఏ ఆఫీసుకి మేడమ్?" అన్నాడు రామారావు వినయంగా.

"ఆఫీసుకి కాదండీ, మా మాస్టారికి. నాది పరీక్ష."

జీపెక్కబోతున్న రామారావు వెనక్కి తిరిగాడు. "మరి నా బోరు?"

"చాలా బాగా వచ్చింది సార్, ఫోటోలో," అంది నీలవేణి.

రెండు రోజుల తర్వాత సర్వేశ్వరరావు మాస్టారు ఫోన్ చేశారు. ఆదినారాయణ పక్కనే నిలబడి త్రాసు తుడుస్తున్నాడు.

"రెండూ తారుమారు చేసి పంపావేమ్మా?" అన్నారు మాస్టారు. "వరసలో నలభైమంది, అందరి కార్డులూ ఒకే ఎత్తున, వెనక సరిగ్గా అప్పుడే నీళ్ళు. ముసలాయన కార్డు తలకిందులు పెట్టించావు చూడు, అక్కడే నీ పనితనం తెలిసింది. ప్రకటన అంటే ఇదీ!"

"సార్, నేను దేన్నీ ముట్టుకోలేదు సార్!"

"మళ్ళీ అబద్ధం. ఇక ఆ కాఫీ ఆయన సంగతి. ఆ ముఖాన్ని ఎవరూ సర్దలేరు. ఎన్నాళ్ళకు దొరికిందో పాపం మంచి కాఫీ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదీ పత్రిక ఫోటో. నేనే రెండింటినీ అటూ ఇటూ మార్చాను. క్లాసులో మొదటి మార్కు నీదే."

నీలవేణి సోయా సాసు సంగతి చెబుదామని నోరు తెరిచింది. తండ్రి చేతిలో త్రాసు కనిపించింది. నోరు మూసేసింది.

నెల తిరగ్గానే ఊరివాళ్ళకు తలా ఒక ఫోటో ఇవ్వడానికి జీలుగువలస వెళ్ళింది. బోరు పనిచేస్తోంది. కృపావతి బిందె దించి, ఆమె భుజానున్న కెమెరాను చూసి ఆగింది.

"ఈసారేటి గుంటా, సర్దిన ఫోటోనా, ముట్టుకోని ఫోటోనా?" అంది. "ముట్టుకోందయితే ముందే సెప్పాలమ్మా. తయారవడానికి మాకో అరగంట పడతాది."