గడియ పరిశీలనలో ఉంది

నందిగామలో ఇకమీదట నాణ్యతకు లోటు ఉండబోదని చెన్నకేశవరావు గారు జగ్గయ్యపేటలో ప్రకటించారు.

నందిగామ సంగతి జగ్గయ్యపేటలో ఎందుకు ప్రకటించారంటే, ఆయన ఎరువుల కొట్టు అక్కడుంది. విలేకరులకు అలవాటైన టిఫిన్ హోటలు కూడా కొట్టు పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళు జెండా మోసినందుకు ఆయన మార్కెట్ యార్డు చైర్మన్ పదవి అడిగారు. పార్టీ బాగా ఆలోచించి 'తోడు నిలయం' పర్యవేక్షణ కమిటీ చైర్మన్ పదవి ఇచ్చింది. తోడు నిలయం అంటే నందిగామ శివార్లలో ఉన్న సర్కారు వసతి గృహం. పుట్టుకతోనే మేధోవైకల్యం ఉండి, ఇంటి దగ్గర చూసుకునే దిక్కులేని పెద్దవాళ్ళు పదహారు మంది అందులో ఉంటారు. అలాంటి ఇల్లొకటి ఉందని చైర్మన్ గారికి పదవి వచ్చిన రోజే తెలిసింది. మర్నాటికల్లా దాని మీద సమగ్రమైన అవగాహన కలిగింది.

"నాణ్యతంటే ఏంటండీ?" అని ఒక విలేకరి ఇడ్లీ తుంచుతూ అడిగాడు.

"గైడ్‌లైన్స్ పైనుంచి వస్తన్నాయండి. రాగానే అదేంటో చెప్తా. ఈలోపు అమలు మాత్రం ఆగదు."

అన్న మాట ప్రకారం అమలు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన ఒక బుట్టెడు బత్తాయిలతో, ఒక ఫొటోగ్రాఫరుతో నిలయంలో దిగారు. పదహారు మందినీ కనిపెట్టుకుని ఉండే సూసన్ ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. ఆమె ఉద్యోగం పేరు సంరక్షకురాలు. ఆ పేరు కింద నర్సు పని, వార్డెను పని, గోళ్ళు తీసే పని కూడా ఆమే చేస్తుంది.

"ఇక్కడ సమస్యలేమన్నా ఉన్నాయా అమ్మా?"

"వాళ్ళనే అడగండి సార్. ఉండేది వాళ్ళు గదా."

ఈ ఆలోచన చైర్మన్ గారికి కొత్తగా తోచింది. కానీ కెమెరా ఎదురుగా ఉంది కాబట్టి అడిగారు.

నలభై ఒక్క ఏళ్ళ ప్రేమానందం లేచి నిలబడ్డాడు. నున్నగా తల దువ్వుకుని ఉన్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు. "బాత్రూం తలుపుకి గడియ లేదు సార్. నీళ్ళు పోసుకునేటప్పుడు ఒక చేత్తో తలుపు పట్టుకోవాల. ఒక చేత్తో చెంబు. సబ్బుకి చెయ్యి లేదు."

"ఉతికిన బట్టలన్నీ ఒకటే కుప్ప పోస్తారు," అంది గ్రేసీ. ఆమెకు ముప్ఫై అయిదు. "నా పచ్చ జాకెట్టు ఎవరో ఒకళ్ళు ఏసుకుంటారు. నాది నాకు కావాల."

నాగసాయి ఎక్కువ మాట్లాడడు. టీ గ్లాసు చూపించి, "చక్కెర వద్దు," అన్నాడు. తొమ్మిదేళ్ళుగా వద్దంటున్నాడని, తొమ్మిదేళ్ళుగా వేస్తున్నారని సూసన్ చెప్పింది. అందరికీ కలిపి ఒకటే గిన్నెలో కాచడం అక్కడి పద్ధతి.

చైర్మన్ గారు ముగ్గురి భుజాలూ తట్టి, మూడు బత్తాయిలిచ్చారు. మర్నాడు పేపర్లో 'నిలయవాసుల కళ్ళల్లో ఆనందం' అని వచ్చింది.

ఆ రోజు చైర్మన్ గారు కారెక్కబోతుంటే సూసన్ వెనకాలే వచ్చింది. "సార్, ఆ గడియ ఒక్కటి పెట్టించండి. బజార్లో దొరుకుద్ది. వడ్రంగికి అరగంట పని."

"గడియకి ప్రపోజల్ వెళ్ళిందా అమ్మా?"

"రెండేళ్ళయింది సార్."

"మరింకేం! అది పరిశీలనలో ఉంది. ఇప్పుడు మనం తెచ్చి బిగించామనుకో, అక్కడ పరిశీలించేవాళ్ళు ఏం పరిశీలించాలి? వాళ్ళని అవమానించినట్టు కాదూ?"

సూసన్ వెనక్కి తిరిగింది. పరిపాలన తెలిసిన మనిషితో మాట్లాడితే అలాగే ఉంటుంది.

నెల తిరక్కుండా పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. నీరజ అనే తనిఖీ అధికారి వస్తున్నారనీ, సిబ్బంది ఎవరూ లేకుండా నివాసితులతోనే నేరుగా మాట్లాడి మార్కులు వేస్తారనీ అందులో ఉంది. చైర్మన్ గారు రెండుసార్లు చదివారు. గడియ, జాకెట్టు, చక్కెర వరసగా కళ్ళముందు కదిలాయి.

"ఒక్క గడియేగా సార్, ఇప్పుడన్నా పెట్టించండి," అంది సూసన్ ఫోన్‌లో.

"గడియ పెడితే జాకెట్టు సంగతి ఎత్తుతారు. జాకెట్టు ఇస్తే చక్కెర సంగతి. వాళ్ళకి నోరుండటమే సమస్యమ్మా."

సమస్య మూలం దొరికాక పరిష్కారం ఎంతసేపు? తనిఖీ రోజున పదహారు మందినీ విహారయాత్ర పేరుతో బస్సెక్కించి, జగ్గయ్యపేట పార్టీ ఆఫీసుకు పంపేశారు. సూసన్ వద్దని పోట్లాడింది. పోట్లాడి, వాళ్ళను ఒంటరిగా వదల్లేక తనూ బస్సెక్కింది. అదే బస్సు తిరుగు ట్రిప్పులో పదహారు మంది పార్టీ కార్యకర్తలను నందిగామలో దింపింది. మహిళా విభాగం నుంచి అయిదుగురు వచ్చారు. ప్రేమానందం మంచం వీరేంద్రకు దక్కింది. వీరేంద్ర మండలంలోకెల్లా విధేయుడైన కార్యకర్త.

"ఏం చెప్పమంటావన్నా?" అని చైర్మన్ గారిని అడిగాడు.

"ఎప్పుడూ ఎట్టా మాట్లాడతారో అట్టాగే మాట్లాడండి. కొత్తగా ఏం ఆలోచించొద్దు."

"ఆలోచించి ఎన్నేళ్ళయిందన్నా!" అన్నాడు వీరేంద్ర, ఆ మాటకు కొంచెం నొచ్చుకుంటూ.

నీరజ గారు ట్యాబ్ తీసి ముందు పదహారు మంది ముఖాలూ ఫొటో పట్టుకున్నారు. తర్వాత అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. చైర్మన్ గారు కిటికీ అవతల, ఒక చెవి లోపలికి పెట్టి నిలబడ్డారు.

"మీరేం తినాలో మీరే చెప్పుకుంటారా?" అని నీరజ గారు మెల్లగా, ప్రేమగా అడిగారు.

"అన్న ఏం పెట్టిస్తే అది తింటాం మేడం."

"బయటికి వెళ్తుంటారా?"

"మీటింగుంటే బస్సొస్తది. ఎక్కమంటే ఎక్కుతాం."

"అక్కడ ఏం చేస్తారు?"

"చప్పట్లు కొడతాం."

"ఎందుకు కొడుతున్నారో తెలుసా?"

పదహారు మందీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ముందు వరసలో కొడితే కొడతాం మేడం," అన్నాడు వీరేంద్ర.

"మీకేదన్నా నచ్చలేదనుకోండి. ఎవరికి చెప్తారు?"

"నచ్చకపోవడమా?" అని మహిళా విభాగం కార్యదర్శి కంగారుగా వెనక్కి చూసింది.

"ఎన్నేళ్ళుగా ఇలా ఉంటున్నారు?"

"ఇరవై ఏళ్ళ నుంచీ అన్న దగ్గరేనండి."

నీరజ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారి ఫోన్ మోగింది. జగ్గయ్యపేట ఆఫీసు నుంచి పార్టీ ఇన్‌చార్జి భవానీప్రసాద్ గారు.

"ఏమయ్యా చెన్నకేశవా, మన ఆఫీసు బాత్రూంలో ఎవడు? గంట నుంచి నిలబడ్డా. నాకసలే షుగరు."

"తలుపు కొట్టండి సార్."

"కొట్టా. 'లోపల మనిషి ఉన్నాడు' అంటన్నాడు. సబ్బు వాసన వీధి దాకా వస్తంది. బయట ఇంకో ఏడుగురు తువ్వాళ్ళేసుకుని లైన్లో ఉన్నారు. నన్ను ఎనిమిదో నంబర్లో నిలబడమంటన్నారయ్యా!"

చైర్మన్ గారు సూసన్‌ను ఫోన్‌లోకి పిలిచి, తలుపు పగలగొట్టించమన్నారు.

"కుదరదు సార్," అంది సూసన్. "రెండు చేతులతో స్నానం చేస్తన్నాడు. చెయ్యనీండి."

పదిహేను రోజులకు నివేదిక వచ్చింది. భవనానికి 'ఏ' గ్రేడు. నివాసితుల గురించి మాత్రం, 'సొంతంగా కోరుకునే శక్తి పూర్తిగా నశించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతటి తీవ్రస్థాయి చూడలేదు. ప్రత్యేక శ్రద్ధ అవసరం,' అని రాసి ఉంది. చైర్మన్ గారు మొదటి వాక్యాన్ని ఫ్లెక్సీ వేయించారు. తనిఖీ రోజున ఫొటో తీసిన ముఖాలతోనే రెండు పూటలా నివాసితుల హాజరు తీసుకోవాలనీ, వరసగా రెండు రోజులు కనిపించని ముఖం తప్పిపోయినట్టు లెక్కగట్టి పోలీసులకు తెలియజేస్తామనీ చివరి పేజీలో ఉంది. ఆ పేజీని ఆయన హాజరు మొదలైన రోజున చదివారు.

అలా పదహారు మంది కార్యకర్తలు నందిగామ వచ్చి నిలయంలో కాపురం పెట్టాల్సి వచ్చింది. పొద్దున తొమ్మిదింటికో ముఖం, సాయంత్రం అయిదింటికో ముఖం. మధ్యలో జగ్గయ్యపేట వెళ్ళి రావడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. తనిఖీ రోజు సాయంత్రమే తిరిగొచ్చేసిన అసలువాళ్ళు మంచాల మీద, వీళ్ళు చాపల మీద సర్దుకున్నారు.

మొదటి రోజే వీరేంద్ర తడి తలతో, తువ్వాలు బిగించి పట్టుకుని వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా! బాత్రూంకి గడియ లేదన్నా! ఎవరో తలుపు తీసేశారు. ఇది మనుషులుండే కొంపేనా?"

వడ్రంగి అరగంటలో వచ్చాడు. ఇత్తడి గడియ బిగించి, రెండుసార్లు వేసి తీసి చూపించాడు. మహిళా విభాగం వాళ్ళు తమ చీరలు కుప్పలో కలిశాయని గోల చేస్తే, మధ్యాహ్నానికి పేర్లు రాసిన పెట్టెలు వచ్చాయి. ఇద్దరు కార్యకర్తలకు షుగరుంది కాబట్టి సాయంత్రానికి రెండో టీ గిన్నె పొయ్యెక్కింది. నాగసాయి ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసుకుని, మళ్ళీ ఒక గుక్క తాగాడు. చైర్మన్ గారు విలేకరులను పిలిచి, నివాసితుల సమస్య తన దృష్టికి వచ్చిన రోజే పరిష్కరించానని చెప్పారు. ఇందులో అబద్ధమేమీ లేదు.

'ప్రత్యేక శ్రద్ధ' నిమిత్తం నీరజ గారు నెల తర్వాత చెప్పాపెట్టకుండా మళ్ళీ వచ్చారు. చాపల మీద పేకాడుతున్న వీరేంద్ర బృందాన్ని పేరుపేరునా పలకరించారు. అంతలో స్నానం ముగించి, ప్రేమానందం తల తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే గ్రేసీ, మిగతావాళ్ళూ వచ్చారు.

"వీళ్ళెవరండీ? లిస్టులో లేరే?"

చైర్మన్ గారు చటుక్కున అడ్డమొచ్చారు. "కార్యకర్తలండి. మా పార్టీ కార్యకర్తలు. సేవ చేసుకుంటానికి వచ్చారు."

నీరజ గారు ప్రేమానందం వైపు తిరిగారు. "మీకిక్కడ ఎలా ఉంది?"

"ఇప్పుడు బాగుంది మేడం. గడియ పెట్టారు. కానీ గేటుకి తాళం వేస్తన్నారు. అది బాలేదు. నేను బజారుకి పోయి దువ్వెన కొనుక్కోవాల. నాకు నచ్చిన రంగుది."

"నేను గూడా పోవాల," అంది గ్రేసీ. "అడక్కుండా బత్తాయిలు ఇయ్యొద్దు. నాకు జామకాయలు ఇష్టం."

నీరజ గారు ఆశ్చర్యంగా చైర్మన్ గారిని చూశారు. "మీ పార్టీలో కార్యకర్తలు ఇంత సూటిగా, తమకేం కావాలో చెప్పేస్తారా?"

ఇరవై ఏళ్ళ అనుభవం చెన్నకేశవరావు గారి చేత ఆలోచించకుండా పలికించింది. "పొరపాటైందండి. క్రమశిక్షణ చర్య తీసుకుంటన్నాం."

నీరజ గారు ఆ మాట రాసుకున్నారు. ఒక అధికారి రాసుకున్న మాట కాబట్టి అది జరగక తప్పలేదు. సొంత అభిప్రాయాలు వెలిబుచ్చినందుకు వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలంటూ భవానీప్రసాద్ గారి సంతకంతో నిలయవాసుల పేర్ల మీద పదహారు నోటీసులు అచ్చయ్యాయి. పంచే బాధ్యత చైర్మన్ గారి మీదే పడింది.

ప్రేమానందం చేతులు తుడుచుకుని కవరు అందుకున్నాడు. "ఇది నాకా సార్?"

"నీకే."

"నా పేరుందా?"

సూసన్ వేలు పెట్టి చూపించింది. నలభై ఒక్క ఏళ్ళలో అతనికి వచ్చిన మొదటి ఉత్తరం అది. అతను ఆ అక్షరాలను చాలాసేపు చూసుకున్నాడు. చైర్మన్ గారు మిగతా కవర్లు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డారు.

"జవాబు రాయాలా సార్?"

"రాయాలి. మేడం ముందు ఎందుకట్టా మాట్లాడావో రాయాలి."

ప్రేమానందం ఆలోచించాడు. తొందరేమీ పడలేదు.

"ఆమె అడిగింది గదా సార్. అందుకని చెప్పా."

సూసన్ కాగితం తెచ్చి, ఆ మాటే రాసింది.